ఇల్లు విడిపించిన గురి – యానీ ఓక్లీ కథ

అమెరికాలో మనవాళ్ళు నలుగురు కలిసినప్పుడు తుపాకి మాట రెండు సందర్భాల్లో వస్తుంది. ఒకటి, టీవీలో ఏదో ఘోరం చూసినప్పుడు. రెండోది, ఆఫీసులో పక్క సీటు అమెరికన్ మిత్రుడు శీతాకాలం రాగానే సెలవు పెట్టి అడవికి వేటకెళ్ళినప్పుడు. ఈమధ్య మూడో సందర్భం కూడా వచ్చి చేరింది. ఎండాకాలమంతా కష్టపడి పెంచిన బీరపాదునీ, టమాటాలనీ ఉడుతలూ, కుందేళ్ళూ, గ్రౌండ్‌హాగ్‌లూ తినేసి పోతుంటే, వీటికి ఏదైనా మార్గం లేదా అని తలపట్టుకున్నప్పుడు!

నేను వేటగాణ్ణి కాను. ఒహాయోలో ఎమ్మెస్ చేసి, అక్కడే కొన్నేళ్ళు కోడ్ రాసుకుంటూ బతికినవాణ్ణి. కానీ చిన్న వేటకి ఏ తుపాకి వాడతారు, ఎందుకు వాడతారు అన్న ప్రశ్న ఇంజనీరుగా నన్ను ఆకట్టుకుంది. ఆ దారిలో చదువుతూ పోతే చివరికి తేలింది ఒక మనిషి దగ్గర. ఐదడుగుల ఎత్తు, వంద పౌండ్లకి అటూ ఇటూ బరువున్న ఒక ఆడమనిషి. పేరు యానీ ఓక్లీ. అమెరికాలో ఆమె పేరు తెలియని పిల్లలుండరు. మన పిల్లలకీ బడిలో చెబుతారు. కానీ ఆమెని సర్కస్‌లో తుపాకి పేల్చిన వినోదాల మనిషిగానే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. ఆమె తుపాకి పట్టింది వినోదానికి కాదు, ఇంట్లో పొయ్యి వెలగడానికి. ఆ కథే ఈ వ్యాసం.

మంచులో పోయిన తండ్రి

యానీ అసలు పేరు ఫీబీ యాన్ మోసీ. 1860 ఆగస్టు 13న ఒహాయో రాష్ట్రంలో డార్క్ కౌంటీలో, దుంగలతో కట్టిన చిన్న ఇంట్లో పుట్టింది. తల్లిదండ్రులు జేకబ్, సుసాన్ పెన్సిల్వేనియా నుంచి వలస వచ్చిన క్వేకర్లు. యుద్ధాలూ ఆయుధాలూ వద్దనే మతం క్వేకర్లది. అలాంటి ఇంట్లో ప్రపంచంలోకెల్లా పేరున్న గురికత్తె పుట్టడం చిత్రమే. బతికిన ఏడుగురు పిల్లల్లో ఆమె ఐదోది.

ఆ పిల్ల పుట్టేసరికే తండ్రికి అరవై దాటాయి. 1865 చివర్లో మరకి వెళ్ళిన ఆయన తిరిగొస్తూ మంచుతుఫానులో చిక్కుకున్నాడు. ఎలాగో ఇల్లు చేరాడు కానీ కోలుకోలేదు. 1866లో న్యుమోనియాతో పోయాడు. యానీకి అప్పటికి ఆరేళ్ళు కూడా నిండలేదు. ఆ మరుసటేడు పెద్దక్క క్షయతో పోయింది. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది, ఆ భర్త కూడా ఎక్కువ కాలం బతకలేదు. ఇంటినిండా పిల్లలు, చేతిలో డబ్బు లేదు.

ఆ పిల్ల ముందు ఉచ్చులతో మొదలుపెట్టింది. మొక్కజొన్న దంట్లతో బోనులు అల్లి, మన పూరేడు పిట్టల్లాంటి క్వెయిల్ పక్షుల్ని పట్టేది. మన పల్లెల్లో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టల్ని తోలిన పిల్లలకీ, వలపన్ని పూరేళ్ళు పట్టిన వాళ్ళకీ ఇది కొత్త విద్యేం కాదు. ఎనిమిదేళ్ళప్పుడు పొయ్యిగూడు పైన వేలాడుతున్న తండ్రి తుపాకిని కిందికి దించింది. వసారా కమ్మీ మీద ఆనించి, కంచె మీదున్న ఉడుతని కొట్టింది. గుండు సరిగ్గా తలలో తగిలింది. తల్లి భయపడిపోయి మళ్ళీ దాన్ని ముట్టుకోవద్దంది. ఈ సంగతి యానీ పెద్దయ్యాక తానే చెప్పుకుంది.

ఆ తుపాకి మన నాటు తుపాకి లాంటిదే. గొట్టం మూతి దగ్గర నుంచి మందు పోసి, గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండుని కడ్డీతో దట్టించాలి. ఒక్కసారి పేలిస్తే మళ్ళీ నింపడానికి అర నిముషం పైనే పడుతుంది. ఉడుత అంతసేపు ఆగదు కదా! అంటే రెండో అవకాశం లేదు. మందు కొనాలన్నా, సీసం కొనాలన్నా డబ్బే. తప్పిన ప్రతి గుండూ ఆ ఇంట్లో ఒక పూట తిండిలో కోత. ఆమె గురి ఎందుకంత పదునెక్కిందో ఈ ఒక్క లెక్క చూస్తే అర్థమవుతుంది.

పేరు చెప్పని తోడేళ్ళు

1870లో తల్లి వేరే దారిలేక యానీని కౌంటీ వారి అనాథాశ్రమం లాంటి ఇన్‌ఫర్మరీలో చేర్చింది. పేదలూ, వృద్ధులూ, మతిస్థిమితం లేనివాళ్ళూ, దిక్కులేని పిల్లలూ అందరూ ఒకే చోట ఉండే రోజులవి. అక్కడి నిర్వాహకుడి భార్య ఆమెకి కుట్టుపనీ, అల్లికా నేర్పింది. ఆ తర్వాత జీవితమంతా యానీ తన ప్రదర్శన దుస్తులు తానే కుట్టుకుంది.

కొద్ది రోజుల్లోనే ఒక రైతు కుటుంబం వచ్చి, పసిబిడ్డని చూసుకోవడానికి పిల్ల కావాలనీ, వారానికి అర డాలరు ఇచ్చి చదువు కూడా చెప్పిస్తామనీ తీసుకెళ్ళారు. అక్కడ జరిగింది వేరు. తెల్లవారుజామునే లేచి పాలు పితకడం, వంట, గిన్నెలు, తోటపని, పసిబిడ్డ. జీతం లేదు, చదువు లేదు. కుట్టుపని చేస్తూ నిద్రలో తూగినందుకు ఒక రాత్రి ఆ పిల్లని చెప్పుల్లేకుండా మంచులోకి నెట్టేశారు. రెండేళ్ళు భరించి, 1872 ప్రాంతంలో అక్కడి నుంచి పారిపోయింది.

ఆ కుటుంబం ఎవరో యానీ చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. తోడేళ్ళు అని మాత్రమే అనేది. ప్రపంచమంతా పేరొచ్చాక, పత్రికలవాళ్ళు ఆమె నోటి మాట కోసం కాచుకున్నప్పుడు కూడా ఆ పేరు బయటపెట్టలేదు. ఆమె గురి కంటే నాకు ఈ నిగ్రహమే పెద్దదిగా అనిపిస్తుంది.

తలకే ఎందుకు కొట్టాలి?

ఇంటికి తిరిగొచ్చాక పదమూడు, పదిహేనేళ్ళ మధ్య ఆ పిల్ల వేటని వృత్తిగా చేసుకుంది. కుందేళ్ళు, ఉడుతలు, క్వెయిల్, గ్రౌస్ పక్షులు కొట్టి, గ్రీన్‌విల్ ఊళ్ళో కాట్జెన్‌బర్గర్ సోదరుల కొట్లో ఇచ్చేది. అక్కడి నుంచి అవి సిన్సినాటి హోటళ్ళకి వెళ్ళేవి. ఆమె సరుకుకి గిరాకీ ఎక్కువ. కారణం చాలా సాదా. ఆమె కొట్టిన జంతువుకి దెబ్బ తలకే ఉండేది. తినే మాంసంలో సీసం పెల్లెట్లు పంటికి తగిలేవి కావు.

ఇక్కడ కొంచెం ఆగి అసలు తుపాకుల సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే చిన్న వేటకి తుపాకి ఎంపికంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

చిన్న జంతువుల వేటకి ప్రధానంగా రెండు రకాలు. రైఫిల్, షాట్‌గన్. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళుంటాయి. అవి గుండుని బొంగరంలా తిప్పి వదులుతాయి. అందుకే అది తిన్నగా పోతుంది. కదలకుండా కూర్చున్న ఉడుతకి, కుందేలుకి ఇది సరైనది. ఒకటే గుండు, ఒకటే రంధ్రం. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దాని తూటాలో వందల కొద్దీ చిన్న పెల్లెట్లుంటాయి, అవి గుప్పెడు గింజలు విసిరినట్టు విచ్చుకుంటాయి. ఎగిరే పక్షికి, పరిగెత్తే కుందేలుకి ఇదే దారి. దూరం మాత్రం ముప్ఫై, నలభై గజాలు దాటకూడదు. దాటితే పెల్లెట్లు పలచబడి జంతువు గాయపడి పారిపోతుంది, ఏ పొదలోనో నరకయాతన పడి చస్తుంది.

ఈనాడు అమెరికాలో చిన్న వేట అనగానే ముందు గుర్తొచ్చేది .22 లాంగ్ రైఫిల్ తూటా. స్టీవెన్స్ కంపెనీ 1887లో తెచ్చింది. గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములు. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు లేదు, ధర తక్కువ. యాభై గజాల లోపు ఉడుతకైనా కుందేలుకైనా ఇది చాలు. యానీ ప్రదర్శనల్లో ఎంతో ఇష్టంగా వాడిన వాటిలో మార్లిన్ కంపెనీ 1891 మోడల్ .22 రైఫిల్ ఒకటి. అయితే చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ రెండున్నర గ్రాముల గుండు మైలు దూరం దాటి పోగలదు. కొమ్మ మీది ఉడుతని ఆకాశం వైపు గురిపెట్టి రైఫిల్‌తో కొట్టకూడదనేది అందుకే. గుండు ఆగడానికి వెనక మట్టిగట్టో, చెట్టు మానో ఉండాలి.

పదిహేనేళ్ళు వచ్చేసరికి యానీ ఆ వేట డబ్బుతో తల్లి ఇంటి మీద ఉన్న తనఖా అప్పంతా తీర్చేసింది. మనవాళ్ళు చాలామంది ఇక్కడ మొదటి జీతంతో ఊళ్ళో నాన్న చేసిన అప్పు తీర్చిన రోజుని మర్చిపోరు. ఆ పిల్లకి అది తుపాకి గొట్టం లోంచి వచ్చింది, తేడా అంతే.

అన్నట్టు, ఆమె బతుకుతెరువు ఈరోజు నేరం. అమెరికాలో అడవి జంతువుల్ని వేటాడి మాంసం అమ్మడం ఇప్పుడు దాదాపు ఎక్కడా కుదరదు. దానికి బలమైన కారణమే ఉంది. ఆ కాలంలో ఆకాశాన్ని కప్పేసినట్టు ఎగిరిన ప్యాసింజర్ పావురాలని బజారు కోసం లక్షల్లో చంపారు. వాటిలో చివరిదైన మార్తా 1914 సెప్టెంబరు 1న చచ్చిపోయింది. ఎక్కడో తెలుసా? యానీ సరుకు చేరిన అదే సిన్సినాటిలో, అక్కడి జంతుప్రదర్శనశాలలో. అక్రమంగా వేటాడిన జంతువుల్ని రాష్ట్రాల మధ్య రవాణా చేయడాన్ని నిషేధించిన లేసీ చట్టం 1900లో వచ్చింది. వలసపక్షుల చట్టం 1918లో వచ్చింది. ఈనాడు వేటకి కాలపరిమితీ, రోజుకి ఇన్ని అన్న లెక్కా ఉన్నాయంటే ఆ పావురాలు నేర్పిన పాఠమే.

ఓడిపోయి పెళ్ళాడిన మొగుడు

ఫ్రాంక్ బట్లర్ అనే ఐరిష్ వలసదారుడు ఊరూరా తిరుగుతూ గురి పందేలు కాసేవాడు. సిన్సినాటి వచ్చినప్పుడు స్థానికుల తరఫున అతనితో పోటీకి ఒక పల్లెటూరి పిల్లని నిలబెట్టారు. చూసి నవ్వుకున్నాడట. చివరికి ఒక్క గురి తేడాతో ఓడిపోయాడు. ఇది 1875లో జరిగిందని కొందరు, 1881లో అని కొందరు చరిత్రకారులు వాదించుకుంటారు. ఏ ఏడైనా జరిగింది మాత్రం అదే. ఓడిన మనిషి అలగలేదు, ప్రేమలో పడ్డాడు, పెళ్ళి చేసుకున్నాడు.

1882లో ఒహాయోలోనే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఫ్రాంక్ జోడీ జబ్బుపడితే యానీ వేదిక ఎక్కింది. ఓక్లీ అన్న పేరు అప్పుడు పెట్టుకున్నదే. కొన్నాళ్ళకే ఫ్రాంక్‌కి ఒక సంగతి తెలిసొచ్చింది: జనం చూడ్డానికి వచ్చేది తనని కాదు. తానే పక్కకి తప్పుకుని ఆమెకి మేనేజరయ్యాడు, తుపాకులు నింపిచ్చాడు, లెక్కలు చూశాడు. 19వ శతాబ్దపు మగవాడు ఆ పని చేశాడంటే ఆలోచించండి! 1946లో ఆమె మీద వచ్చిన ప్రసిద్ధ బ్రాడ్వే సంగీత నాటకంలో ఆమె మొగుణ్ణి దక్కించుకోవడానికి కావాలని ఓడిపోయినట్టు మార్చారు. నిజం దానికి పూర్తిగా తిరగేసి ఉంది.

1884లో మిన్నసోటాలోని సెయింట్ పాల్‌లో లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్ ఆమె ప్రదర్శన చూసి, కూతురిగా భావించి, చిన్నారి గురికత్తె అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1885లో బఫెలో బిల్ వైల్డ్ వెస్ట్ ప్రదర్శనలో చేరింది. అక్కడి నుంచి పదహారు, పదిహేడేళ్ళు, మధ్యలో కొద్ది విరామం తప్ప, ఆ బృందానికి ఆమే పెద్ద ఆకర్షణ.

1893లో ఆ ప్రదర్శన చికాగోలో ప్రపంచ ప్రదర్శన ఆవరణ పక్కనే నెలల తరబడి సాగింది. అదే సెప్టెంబరులో అదే ఊళ్ళో సర్వమత సభలో స్వామి వివేకానంద మాట్లాడారు. వాళ్ళిద్దరూ కలిశారని నేననడం లేదు. ఒకే నగరంలో ఒకే నెలలో అమెరికా జనం ఆ ఇద్దరినీ చూడ్డానికి బారులు తీరారన్న సంగతి తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. మరుసటి ఏడు 1894లో ఎడిసన్ తన న్యూజెర్సీ స్టూడియోలో ఆమె గురిని చలనచిత్రంగా తీశాడు. ఆ నిముషంలోపు బొమ్మ ఇప్పటికీ ఇంటర్నెట్‌లో చూడొచ్చు.

తుపాకి కొలతకి కుట్టించుకోవాలి

1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల సందర్భంగా బృందం లండన్ వెళ్ళింది. రాణి మే నెలలో ప్రదర్శన చూసింది. కానీ అక్కడ యానీకి ఒక చిక్కు వచ్చింది. ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఎగిరే పావురాల మీద ఆమె గురి మొదట్లో సరిగా సాగలేదు. అవి మహా వేగంగా లేచే రకం. లండన్‌లో పేరున్న తుపాకుల తయారీదారు చార్లెస్ లాంకాస్టర్ సంస్థవాళ్ళు చూసి, ఆమె షాట్‌గన్ ఆమెకి బరువెక్కువనీ, కొలత సరిపోలేదనీ గ్రహించారు. తేలికైన, ఆమె ఒంటికి కొలిచి చేసిన తుపాకులు ఇచ్చారు. గురి మళ్ళీ దారిలో పడింది.

ఇంజనీరుగా నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. షాట్‌గన్‌కి రైఫిల్‌లా వెనక గురిబిళ్ళ ఉండదు. మన కన్నే ఆ గురిబిళ్ళ. చెంప స్టాక్ మీద ఎక్కడ ఆనుతుంది, ట్రిగ్గర్ నుంచి భుజం దాకా పొడవెంత అన్నవి ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా కన్ను చోటు మారిపోతుంది, పెల్లెట్లు పక్షి పైనుంచో కిందనుంచో పోతాయి. ఆరడుగుల మనిషికి చేసిన తుపాకి ఐదడుగుల మనిషికి ఇచ్చి, గురి రాలేదని మనిషిని తిట్టడంలో అర్థం లేదు. రెడీమేడ్ చొక్కా పొడుగైతే చెయ్యి కోసుకోం కదా!

షాట్‌గన్లని బోరు అంకెతో పిలుస్తారు. ఈ అంకె చాలామందికి తికమక. ఒక పౌండు సీసాన్ని ఎన్ని సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఆ గొట్టంలో సరిగ్గా పడుతుందో, ఆ సంఖ్యే బోరు. అందుకే పన్నెండు బోరు గొట్టం పెద్దది, ఇరవై బోరుది చిన్నది. పన్నెండుది సుమారు 18.5 మిల్లీమీటర్లు, ఇరవైది 15.6. పన్నెండులో పెల్లెట్లు ఎక్కువ పడతాయి, తన్నూ ఎక్కువ, బరువూ ఎక్కువ. యానీకి ఇరవై బోరు తేలిక తుపాకులంటే ఇష్టం. ఈనాటికీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకీ, చిన్న దేహం ఉన్నవాళ్ళకీ అనుభవజ్ఞులు చెప్పేది ఇరవై బోరే. .410 ఇంకా చిన్నది, తన్ను తక్కువ కదా అని పిల్లలకి కొనిపెడుతుంటారు. కానీ అందులో పెల్లెట్లు అతి తక్కువ కాబట్టి అది నిజానికి చెయ్యి తిరిగినవాళ్ళ ఆయుధం. పెల్లెట్లకీ అంకెలుంటాయి, అంకె పెరిగే కొద్దీ పెల్లెట్ చిన్నది. ఉడుత, కుందేలుకి ఆరో నంబరు, క్వెయిల్‌కి ఏడున్నర లేదా ఎనిమిది.

యాభై ఐదు దావాలు

1901లో ఉత్తర కరొలైనాలో బృందం ప్రయాణిస్తున్న రైలు ఎదురుగా వచ్చిన రైలుని గుద్దుకుంది. వందకి పైగా గుర్రాలు చచ్చిపోయాయి. యానీకి దెబ్బలు తగిలాయి. ఆ తర్వాత ఆమె వైల్డ్ వెస్ట్ బృందంలో కొనసాగలేదు.

రైలు కంటే పెద్ద దెబ్బ 1903 ఆగస్టులో తగిలింది. చికాగోలో హర్‌స్ట్ పత్రికలు ఒక వార్త వేశాయి. యానీ ఓక్లీ మత్తుమందుకి బానిసై, కొకెయిన్ డబ్బుల కోసం దొంగతనం చేసి జైల్లో పడిందని దాని సారాంశం. జైల్లో ఉన్నది ఆమె పేరు వాడుకుంటున్న వేరే నాటకాల మనిషి. కానీ తంతి మీద ఆ వార్త దేశమంతా పాకింది, పదుల కొద్దీ పత్రికలు సరిచూసుకోకుండా అచ్చేశాయి.

 ప్రదర్శనలు వదులుకుని కోర్టుల చుట్టూ తిరగడమంటే ఆదాయం పోవడమే. అయినా యాభై ఐదు పత్రికల మీద విడివిడిగా దావాలు వేసింది. ఊరూరా వెళ్ళి తానే బోనులో నిలబడి సాక్ష్యం చెప్పింది. హర్‌స్ట్ మనుషులు ఆమె పుట్టిన ఊరికి గూఢచారిని పంపి ఏదైనా మచ్చ దొరుకుతుందేమో వెతికించారు. ఏమీ దొరకలేదు. ఆరేడేళ్ళు సాగిన ఆ పోరులో యాభై నాలుగు కేసులు నెగ్గింది, లేదా అవతలివాళ్ళు రాజీకొచ్చారు. లాయర్లకీ, ప్రయాణాలకీ పోగా మిగిలిన లాభమేమీ లేదు. డబ్బు కోసం వేసిన దావాలు కావు అవి.

వాట్సాప్‌లో వచ్చిన ప్రతి కబురునీ పది గుంపులకి పంపేసే మనం ఈ ఘట్టం ఒకటికి రెండుసార్లు చదవాలి. గుండు వదిలితే వెనక్కి రాదు. మాట కూడా అంతే.

పాఠాలు చెప్పిన చివరి రోజులు

తర్వాతి ఏళ్ళలో ఫ్రాంక్, యానీ ఉత్తర కరొలైనాలోని పైన్‌హర్స్ట్ రిసార్టులో గురి నేర్పారు. ఆమె ముఖ్యంగా ఆడవాళ్ళకి నేర్పింది. జీవితంలో వేల మంది స్త్రీలకి తుపాకి పట్టడం నేర్పిందని చెబుతారు. ఆడవాళ్ళు తమని తాము కాపాడుకోగలగాలన్నది ఆమె నమ్మకం. 1898లో స్పెయిన్‌తో యుద్ధమప్పుడు గురి తెలిసిన ఆడవాళ్ళ దళాన్ని సొంతంగా తెస్తానని అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. మొదటి ప్రపంచయుద్ధంలో మళ్ళీ అడిగింది. రెండుసార్లూ ఒప్పుకోలేదు. అయితేనేం, సైనిక శిబిరాలకి వెళ్ళి ఉచితంగా ప్రదర్శనలిచ్చింది. ఆమె కుక్క డేవ్, జనం రుమాళ్ళలో కట్టి దాచిన డబ్బుని వాసన పట్టి తీస్తూ రెడ్‌క్రాస్‌కి విరాళాలు పోగుచేసింది.

తనకొచ్చిన పతకాల్లో చాలావాటిని కరిగించి, ఆ డబ్బుని దానధర్మాలకి ఇచ్చేసింది. 1922లో ఫ్లోరిడాలో కారు ప్రమాదంలో తుంటి, చీలమండ దెబ్బతిని కాలికి లోహపు పట్టీ వేసుకోవాల్సి వచ్చింది. ఆ పట్టీతోనే మళ్ళీ తుపాకి పట్టింది. 1926 నవంబరు 3న గ్రీన్‌విల్‌లో కన్నుమూసింది. ఫ్రాంక్ ఆ తర్వాత పద్దెనిమిది రోజులే బతికాడు. ఇద్దరి సమాధులూ ఆమె పుట్టిన ఇంటికి దగ్గర్లోనే బ్రాక్ శ్మశానంలో పక్కపక్కన ఉన్నాయి.

మన పెరటి సంగతి

ఇక మొదట్లో అన్న బీరపాదు దగ్గరికొద్దాం. వేట వేరు, చీడజంతువుల్ని వదిలించుకోవడం వేరు. వేటలో మాంసం పాడవకూడదు. పొలాన్ని తవ్వే గ్రౌండ్‌హాగ్ విషయంలో అది త్వరగా, నొప్పి లేకుండా చావడమే ముఖ్యం. అందుకే పొలాలున్నవాళ్ళు వంద గజాల దూరానికి 1959లో వచ్చిన .22 మాగ్నమ్‌నో, 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్‌నో వాడతారు. రెండోదాని గుండు ఒక గ్రాము పైచిలుకే, కానీ మహా వేగం. తగలగానే ముక్కలైపోతుంది. తినే ఉడుత ఒంటికి దానితో కొడితే మిగిలేది ఏమీ ఉండదు. కొట్టంలో ఎలుకలకీ, పిచ్చుకలకీ పైకప్పు చిల్లు పడకుండా ఎయిర్ రైఫిల్ చాలు.

మనలో ఎక్కువమందికి వీటిలో ఏదీ పనికిరాదు. ఊరి పొలిమేరలోపల తుపాకి పేల్చడం చాలాచోట్ల నిషేధం. న్యూజెర్సీలాంటి రాష్ట్రాల్లో ఎయిర్ రైఫిల్‌ని కూడా తుపాకిగానే లెక్కిస్తారు. ఇంటి గోడలకి చిల్లులు పెట్టే వడ్రంగిపిట్టని చంపితే ఫెడరల్ నేరం. ఇంగ్లీష్ పిచ్చుక, స్టార్లింగ్, ఊరపావురాలకి మాత్రం ఆ వలసపక్షుల చట్టం వర్తించదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది వీసా సంగతి. ఎఫ్-1, హెచ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమ్మిగ్రంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకిగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితుడు పిలిచాడు కదా అని సరదాగా వెళ్ళి, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న గ్రీన్‌కార్డుని పణంగా పెట్టకండి. ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి, తర్వాత మీ రాష్ట్రం పెట్టే హంటర్ ఎడ్యుకేషన్ తరగతికి వెళ్ళండి. నేను కుతూహలంతో ఆ తరగతికి వెళ్ళాను. తుపాకి ఎప్పుడూ నిండి ఉన్నట్టే భావించాలి, కొట్టకూడని దానివైపు మూతి తిప్పకూడదు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు, గురి వెనక ఏముందో తెలియాలి. ఈ నాలుగూ అక్కడ పదేపదే చెప్పారు. ఇంట్లో పిల్లలుంటే ఐదోది: తుపాకి ఒకచోట, తూటాలు ఒకచోట, రెండిటికీ తాళం.

మా పాదుకి మాత్రం చివరికి పనికొచ్చింది ఒక అడుగు లోతు దాకా పాతిన ఇనుప జల్లెడ కంచె! గ్రౌండ్‌హాగ్ తవ్వి తవ్వి విసుగెత్తి పోయింది.

ఎప్పుడైనా డేటన్ వైపు వెళ్తే, అక్కడి నుంచి గంటలోపు ప్రయాణం గ్రీన్‌విల్. అక్కడి గార్స్ట్ మ్యూజియంలో యానీ వస్తువులకి ప్రత్యేక విభాగం ఉంది. పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని తీసుకెళ్ళండి. గాజు పెట్టెల్లో తుపాకుల్ని చూపించే ముందు, పదిహేనేళ్ళ పిల్ల కుందేళ్ళు అమ్మి అమ్మ ఇంటి తనఖా విడిపించిన సంగతి చెప్పండి. మిగతా కథంతా వాళ్ళకి దానంతటదే అర్థమవుతుంది.